పాలడబ్బా బండి

రంగూన్‌లోని పజుండౌంగ్ పేటలో తాయారమ్మ నోటికి భయపడనివాళ్లు తక్కువ. సందు మొదట్లో ఇడ్లీలమ్మి, చనిపోయిన తమ్ముడు హరి కొడుకు కృష్ణకుమార్‌ను పెంచింది. ఆమె కోపం అందరికీ అలవాటే. కాని ఆ రోజు కోపం వేరు.

ఆమె తండ్రి దేముడు సేక్కాన్ రేవులో మూటలు మోసేవాడు. ఒక వానాకాలం పనిలేక ఇంట్లో కూర్చుని, టీ కొట్టువాళ్లు పారేసిన పాలడబ్బాతో పిల్లలకు బండి చేశాడు. డబ్బా మూతలే చక్రాలు, సైకిలు చువ్వలే ఇరుసులు. తాడు కట్టి అక్కాతమ్ముళ్లు దాన్ని సందంతా ఈడ్చేవారు. ఆ గలగలకు మధ్యాహ్నం కునుకు తీసేవాళ్లు లేచి తిట్టేవారు.

ఆ బండిని కృష్ణకుమార్ ఆమెతో చెప్పకుండా స్నేహితుడి కాఫీ హోటలుకు ఇచ్చేశాడు. అక్కడ పాత రంగూన్ జ్ఞాపకాలంటూ గోడ నిండా ఇలాంటివే తగిలించారట. తను దాచుకున్న పెట్టెలో బండి కనబడక ఆమె నిలదీస్తే అప్పుడు బయటపెట్టాడు. తాయారమ్మ చెప్పులైనా వేసుకోకుండా బయలుదేరింది.

హోటల్లో బండి ముందు ఒకమ్మాయి ఫోనులో ఫొటో దిగుతోంది. తాయారమ్మ కుర్చీ ఎక్కి చక్రం తిప్పబోయింది. తిరగలేదు. కదలకుండా జిగురు పోసేశారు. యజమాని పరుగున వచ్చి, ముట్టుకోవద్దని బర్మా భాషలో మర్యాదగానే బతిమాలాడు. ఆ మర్యాదకే ఆమెకు ఒళ్లు మండింది. మేకులతో సహా బండిని ఊడబెరికింది. గోడ పెచ్చు రాలిపడింది.

వెనకే వచ్చిన కృష్ణకుమార్‌తో, “ఈడ్సుకోడానికి సేసిన బండిరా ఇది. తిరక్కుండా జిగురెట్టీసి గోడకి కొట్టీడానికి మీకు సేతులెలాగొచ్చినాయి?” అంది.

“నువ్వు మాత్రం ఆడనిచ్చినావేటి అత్తా? ఇన్నాళ్లూ పెట్టెలో తాళమేసి ఉంచినావు.”

అది నిజం. అందుకే ఆమె కోపం రెట్టింపైంది.  ఇంటికొచ్చి కత్తిమొనతో జిగురంతా గీకింది. ఒక చక్రం అంచు చిరిగింది. అలాగే తీసుకెళ్లి పక్కింటి దేవి పిల్లల చేతికి తాడు అందించింది.

వానలు మొదలయ్యేలోపే బండి ముక్కలైంది.

“గోడ మీదుంటే మిగిలేది కదత్తా,” అన్నాడు కృష్ణకుమార్, అన్నానికి కూర్చుంటూ.

“ఆడితే పాడైనాది. నీకేటి బాధ?” అని, కూరగిన్నె అతని ముందు కాస్త గట్టిగానే పెట్టింది.