వెనక సీట్లో స్టీలు గ్లాసు

ప్రపంచంలో ఉన్న ఖరీదైన పెద్ద కార్లన్నిటినీ ఒక్క గ్లాసు మజ్జిగతో ఓడించిన మహానుభావుడు ఒకాయన ఉన్నాడు. అన్నిటినీ అంటే మరీ అన్నిటినీ కాదనుకోండి, ఓ రెండొందలుంటాయి. ఆయన బావమరిది లెక్కల మాస్టారు పక్కనే నిలబడి వేళ్లు మడిచాడు కాబట్టి నిజం ఒప్పుకోక తప్పదు: నలభై మూడు. అందులో ఒకదానికి అసలు ఇంజనే లేదు. అయినా ఓడిపోయింది.

ఆయన వృత్తి గడియారాలు బాగుచేయడం. పాత కార్లు అమ్మే షెడ్డులో మాత్రం ఆయన్ని గ్లాసాయన అంటారు. ఆరేళ్లపాటు ప్రతి ఆదివారం పొద్దున్నే స్కూటరు మీద అక్కడికి వెళ్లేవాడు. స్కూటరు వెనక మాస్టారు, మాస్టారి చేతిలో మూతపెట్టిన స్టీలు గ్లాసు. రోడ్డు మీద గతుకు వచ్చినప్పుడల్లా ముందునుంచి ఒకే ప్రశ్న.

“ఒలికిందా?”

“నా ప్యాంటు తాగేసింది బావా. అసలీ మజ్జిగ ఎందుకు మనకి?”

“మజ్జిగ కాదు, చల్ల.”

“రెండూ ఒకటే కదా!”

“లెక్కల్లో ఒకటేనేమో. నువ్వు మూత గట్టిగా పట్టుకో.”

షెడ్డులోకి అడుగుపెట్టగానే ముందు బానెట్ మీద చెయ్యి వేసి చూసేవాడు, జ్వరం చూసినట్టు.

“వేడిగా ఉందే. నేనొచ్చే ముందే స్టార్ట్ చేశారు.”

“అబ్బే, ఎండకండీ,” అనేవాడు షెడ్డు యజమాని.

“సూర్యుడు ఇప్పుడేగా వస్తున్నాడు. మీ బండి ఆయనకంటే ముందే లేచిందా?”

చల్లారిన ఇంజనే నిజం చెబుతుందని గ్లాసాయన నమ్మకం. మనిషి నిద్రలేచి దగ్గే మొదటి దగ్గులో ఉన్న నిజం డాక్టరు చీటీలో కూడా ఉండదట. స్క్రూడ్రైవరు కొన ఇంజనుకీ, పిడి చెవికీ ఆనించి, కళ్లు మూసుకుని, నలభై ఏళ్లు చేతిగడియారాల గుండె విన్న చెవితో వినేవాడు. అంతవరకూ ఏ మెకానిక్కైనా చేసే పనే. ఆ తర్వాతిది ఆయనొక్కడే చేసేవాడు. వెనక తలుపు తీసి, ఎడమవైపు కిటికీ పక్క సీటు మీద మాస్టారి పదో తరగతి లెక్కల పుస్తకం పరిచి, దానిమీద గ్లాసు పెట్టి, మూత తీసి, నేలమీద మోకాళ్లేసి కూర్చుని “ఊఁ, ఇప్పుడు స్టార్ట్ చెయ్యండి” అనేవాడు.

“ఇంజను ముందుందండీ!” యజమాని జుట్టు పీక్కునేవాడు.

“ఇంజను ముందే ఉంటుంది. మనుషులు వెనక కూర్చుంటారు.”

నాలుగు సిలిండర్ల డీజిలు వచ్చింది. పొదుపైనదన్నారు. స్టార్ట్ చేయగానే గ్లాసులో తుపాను లేచింది. పైగా డీజిలు బండిని ఊళ్లోనే నాలుగు వీధులూ తిప్పుతుంటే పొగగొట్టంలో మసి వడకట్టే జల్లెడ పూడుకుపోతుందని ఆయనే యజమానికి పాఠం చెప్పాడు. తర్వాత నాలుగు సిలిండర్ల పెట్రోలు వచ్చింది. “ఏనుగు మావటిని మోస్తుందిగాని, మావటి ఏనుగుని మోస్తాడా? ఇంత ఒంటికి ఈ ఇంజను ఏం సరిపోతుంది?” అని గ్లాసుకి మూత పెట్టేశాడు. ఇంజను లేని బండి సంగతి వేరు. అందులో కూడా గ్లాసు పెట్టాడు. పక్కనుంచి లారీ వెళ్లింది. చల్ల కదిలింది. అంతే!

కాని షెడ్డు చివర ముదురాకుపచ్చ బండి ఒకటుండేది. ఎనిమిది సిలిండర్లు. దాన్ని కొనేవాడు లేడు, పోషించేవాడు అంతకన్నా లేడు. ప్రతి ఆదివారం ఇంటికి వెళ్లేముందు గ్లాసాయన దాని దగ్గర ఆగేవాడు. ఆయన ముఖం చూసి యజమాని అడక్కుండానే తాళం తిప్పేవాడు.

“విను మాస్టారూ,” అనేవాడు గ్లాసాయన గొంతు తగ్గించి. “ఎనిమిదిమంది పహిల్వాన్లు ఒక్కసారి గొంతు సవరించుకున్నట్టు లేదూ? జీవితమంతా టిక్కూ టిక్కూ విన్నానయ్యా. కంటికి ఆనని చక్రాలు, చెవికి ఆనని చప్పుళ్లు. ఒక్క పెద్ద చప్పుడు నాదనిపించుకోవాలని ఉంటుంది.”

“అయితే కొనెయ్యండి బావా. దాన్నే చూస్తూ ఎన్నాళ్లు నిలబడతారు?”

“గ్లాసు పెట్టి చూశాంగా. కదిలింది.”

“ఆ గ్లాసు అవతల పారెయ్యండి!”

గ్లాసాయన వాచీలోని వెంట్రుకంత స్ప్రింగును సుత్తితో కొట్టమని తనకెవరో చెప్పినట్టు చూసేవాడు. బండి పక్కన చెయ్యివేసి ఒకసారి నిమిరి స్కూటరు ఎక్కేవాడు. తోవలో గతుకులొచ్చినా “ఒలికిందా” అని అడిగేవాడు కాదు.

ఇంట్లో ఇదంతా రహస్యం. గంటస్తంభం గడియారం చూసిరావడానికి వెళుతున్నామని గ్లాసాయన భార్యకి, అంటే మాస్టారి అక్కయ్యకి, చెప్పేవారు. ఆరేళ్లు బాగుచేసినా ఆ గడియారం ఎందుకు బాగుపడలేదో ఆవిడ అడగలేదు. ఆదివారం ఆదివారం గిన్నెలో గ్లాసెడు మజ్జిగ తగ్గుతోందనీ, ఏదో పిల్లి మరిగిందనీ మాత్రం అనుకునేది.

అక్కయ్య ఒకప్పుడు కొండమీది ఆసుపత్రిలో నర్సు. గ్లాసాయన ఆవిణ్ణి చూసింది అక్కడే. వార్డులో గోడగడియారం బాగుచేయడానికి వెళ్లి, బాగున్న గడియారాన్ని ఒకే నెలలో ఎనిమిదిసార్లు బాగుచేశాడు. పెళ్లై కిందికి వచ్చేశాక ఆవిడకి కొండెక్కడం కుదరలేదు. మూసిన బండి ఎక్కితే చాలు, కడుపులో దేవేస్తుంది. ఎనిమిదేళ్లకిందట టాక్సీలో బయల్దేరి పదకొండో మలుపు దగ్గర దిగిపోయి, రోడ్డు పక్క రాయిమీద కూర్చుని, “వెనక్కి పోదాం పదండి” అంది. ఆ తర్వాత ఎవరు పిలిచినా “నాకేం సరదా లేదు, మీరు వెళ్లిరండి” అనేది. సాయంత్రాలు మాత్రం వంటింటి కిటికీలోంచి కొండవైపు చూస్తూ, “ఆ గడియారం నడుస్తోందో, ఆగిపోయిందో” అనేది. ఎవరితోనూ కాదు, గిన్నె తోముకుంటూ.

ఒక శనివారం సాయంత్రం షెడ్డు యజమాని ఫోన్ చేశాడు. ఆరు సిలిండర్ల పెట్రోలు బండి వచ్చిందట. గ్లాసాయన పెరట్లోకి వెళ్లి గుసగుసగా మాట్లాడాడు. గుసగుస అని ఆయన అనుకున్నాడు. వంటింట్లోకి ప్రతి ముక్కా వినబడింది.

“ఇన్నాళ్లూ ఎవరి దగ్గరుంది?... డాక్టరుగారి దగ్గరా? ఆయనొక్కడేనా, చేతులు మారిందా?... లేవగానే దగ్గుతుందా?... తాగుతుందా? తాగనివ్వండి, పెద్దింట్లో అలవాటైంది కదా. నోరెత్తదంటారా? అదీ నాక్కావలసింది! నేను పొద్దున్నే వస్తాను. నేనొచ్చేదాకా లేపకండి. మా ఆవిడకి మాత్రం తెలియనివ్వకండి.”

మన వ్యాకరణం ఆడమనిషినీ బండినీ ఒకే గాటన కట్టేసింది. వచ్చిందన్నా, తాగిందన్నా ఎవరో ఏమిటో చెప్పదు. అక్కయ్య చేతిలో గరిటె చేతిలోనే ఉండిపోయింది.

మర్నాడు స్కూటరు వీధి మలుపు తిరగడం ఆలస్యం, ఆవిడ ఆటో ఎక్కి వెంటపడింది. షెడ్డు గుమ్మంలో దిగి యజమానిని నిలదీసింది.

“ఏదీ? ఎక్కడుంది అది?”

“వెనక ఉందండీ. ఇంకా లేవలేదు.”

“ఇంకా లేవలేదా! ఏ దేశానికి మహారాణి?”

కొంగు దోపుకుని ఆవిడ షెడ్డు వెనక్కి వెళ్లేసరికి, తెల్లటి పెద్ద బండి దగ్గర ఆమె భర్త వెనక తలుపు తీసి మోకాళ్లమీద కూర్చుని ఉన్నాడు. స్టీరింగు దగ్గర తమ్ముడు. ఆడమనిషి జాడ లేదు. అక్కయ్యకి కోపం దింపుకోవడానికి చోటు దొరకలేదు.

“ఏం చేస్తున్నారిక్కడ?”

గ్లాసాయన ఉలిక్కిపడ్డాడు. “ఇంజను చూస్తున్నా.”

“చూసేవాళ్లు స్టార్ట్ చెయ్యరా?”

“నడుస్తోంది అక్కా,” అన్నాడు మాస్టారు. “నిమిషమైంది.”

ఆవిడ చెవి పెట్టి విన్నది. ఏమీ లేదు. గ్లాసులోకి చూసింది. పెరుగు తోడుకున్నంత నిశ్చలంగా ఉంది.

“పిల్లి అనుకున్నాను. మజ్జిగ దొంగ మీరా!”

“చల్ల,” అన్నాడు ఆయన అలవాటుకొద్దీ. అని నాలిక్కరుచుకున్నాడు.

అక్కయ్య సీటు వైపు చూసింది. వెనక, ఎడమవైపు, కిటికీ పక్క. పదకొండో మలుపు దగ్గర దిగిపోయిన టాక్సీలో ఆవిడ కూర్చున్నదీ అక్కడే.

“పెళ్లిచూపుల్లో మా నాన్నతో ఏమన్నారు మీరు?”

“ఎప్పటి మాట! నాకేం గుర్తు?”

“మీ అమ్మాయిని కడుపులో చల్ల కదలకుండా చూసుకుంటాను, అన్నారు.”

మాస్టారు ఆరేళ్ల ఆదివారాలన్నీ మనసులో ఒక్కసారి కూడుకున్నాడు. ప్యాంటు మరకలతో సహా లెక్క సరిపోయింది.

“బావా! అది మాటవరసకి అనే మాట. పైగా తిప్పేది మలుపులు, ఇంజను కాదు!”

“మలుపులు నేను బాగుచెయ్యలేనుగా,” అన్నాడు గ్లాసాయన, గ్లాసుకి మూత పెడుతూ. అప్పుడు కూడా ఆయన కళ్లు షెడ్డు చివరి ముదురాకుపచ్చ బండి మీదే ఉన్నాయి. “ఇదే తీసుకుంటాం. దీనికి గొంతే లేదు, పాపం.”

వారం తిరక్కుండా కొండెక్కారు. అక్కయ్య ఎడమవైపు కిటికీ పక్కన, ఒళ్లో గ్లాసు. ఎద్దుబండి కూడా దాటిపోయేంత నెమ్మదిగా పదకొండో మలుపు వచ్చింది.

“కదిలిందా?” ముందునుంచి అడిగాడు ఆయన, అద్దంలోకి చూడకుండా.

“కదలడానికేముంది? తాగేశాను,” అంది అక్కయ్య.

ఆసుపత్రి గడియారం సెకను తేడా లేకుండా నడుస్తోంది. అది తనకి జరిగిన అవమానంగా తీసుకుని గ్లాసాయన కాసేపు దాన్ని గుర్రుగా చూశాడు. అక్కయ్య దాని కింద బల్లమీద గంటసేపు కూర్చుంది. దిగివచ్చేటప్పుడు మాత్రం ఒక మాట అంది: “ఆ చివర ఆకుపచ్చదాన్ని వచ్చే ఆదివారం లేపమనండి. మీరంత మురిసిపోయే గొంతేదో నేనూ వింటాను.”

ఇప్పుడు ఆదివారాలు స్కూటరు వెనక మాస్టారి చోట అక్కయ్య కూర్చుంటోంది. మాస్టారి ప్యాంటు పొడిగా ఉంటోంది.

ఇదంతా నిజమేనా అని అడిగితే గ్లాసాయన కంటికున్న భూతద్దం కూడా తియ్యడు.

“అంతా కోతలు. బండి రంగు నచ్చి కొన్నాను. గ్లాసంటావా, ఎండల్లో దాహమేస్తుందని పట్టుకెళ్లాను. చల్లంటావా, నాకు పుట్టిన దగ్గర్నుంచీ చల్ల వాసనే పడదు.”