పాలవరుసలో దశరథరామయ్యగారు

అరవై మూడేళ్ళ వయసులో దశరథరామయ్యగారికి పట్టిన పిచ్చి ఒక్కటే: బాలవాడిలో పిల్లలకు ఏది జరిగితే తనకూ అదే జరగాలి.

ఆ సంగతి టీచరు కృష్ణవేణికి తెలిసివచ్చినది 1961 జూన్ 19, సోమవారం, ఉదయం తొమ్మిది గంటల పది నిమిషాలకు. ముసునూరులో సన్నని తుంపర పడుతున్నది. కాపు ముగిసి ఖాళీపడ్డ తన మామిడికాయల పాకను బాలవాడికి ఇచ్చిన ఆ పెద్దరైతు, గోళ్ళు చూపించే పిల్లల వరుసలో చివర నిలబడి చేతులు చాచారు.

“నావి చూడలేదండీ, టీచరమ్మగారూ.”

“మీవెందుకండీ?”

“మట్టి ఉంది. కడుక్కు రమ్మనండి.”

రమ్మన్నది. కడుక్కుని వచ్చారు.

కృష్ణవేణికి నవ్వే తీరిక లేదు. జూలై నెలాఖరుకు ఇరవైమంది చేరకపోతే బాలవాడిని ఎత్తివేస్తామని పంచాయతీ సమితి నుంచి తాఖీదు వచ్చి ఉన్నది. చేరినవారు పదకొండుమంది, అందరూ తోటకూలీల బిడ్డలే. రైతుల ఇళ్ళవారు పంపరు. కారణం పాలపొడి కలిపే ఆయా జోజమ్మ. అంటరానివాళ్ళంటూ ఊరు దూరంగా ఉంచిన పేట ఆమెది. ఆయాను మార్చనని కృష్ణవేణి పట్టు. రోజూ సాయంత్రం ఇల్లిల్లూ ఎక్కి దిగుతూనే ఉన్నది.

దానికి తోడు ఈ పెద్దాయన. మామిడి టెంకలతో రైలు కడితే ఇంజను తనదే కావాలి. దాగుడుమూతల్లో స్తంభం వెనక నక్కితే అటూ ఇటూ ఆయనే కనిపించేవారు.

“తాతగారూ, దొరికిపోయారు,” అనేది కూలి పోతురాజు కూతురు, నాలుగేళ్ళ పార్వతి.

“నా తప్పేం లేదే. స్తంభం సన్నం.”

పదిన్నరకు పాలు. ఆయన పార్వతి వెనక నిలబడి గ్లాసు అందుకుని, రోడ్డువైపు తిరిగి గుటగుట తాగి, ఖాళీ గ్లాసును బోర్లించి చూపేవారు.

“రోడ్డుకేసి తిరిగి తాగుతారేంటండీ, అయ్యగారూ?” అన్నది జోజమ్మ.

“గాలి కోసం.”

ఒకనాడు సాటి రైతు బసవపున్నారావు బండి ఆపాడు. “ఏంటి బావా ఇది? జోజమ్మ చేతి పాలా?”

“వరుసలో మాట్లాడకూడదు. కావాలంటే వెనక నిలబడు.”

“పరువు పోతుంది.”

“నెలరోజులై తాగుతున్నా. నాది పోయిందేమో చూసి చెప్పు.”

బసవపున్నారావు బండి తోలుకుపోయాడు. మర్నాడు అతని మనవరాలు వచ్చింది. ఆ వెనక మిగతా ఇళ్ళూ కదిలాయి. జూలై 29న కృష్ణవేణి ఇరవయ్యో పేరు రాసింది.

ఆ పై సోమవారం పాలవరుసలో దశరథరామయ్యగారు లేరు. జబ్బు చేసిందేమోనని మధ్యాహ్నం ఆమె వారింటికి పరుగెత్తింది.

“జబ్బేంటమ్మా,” అన్నది ఆయన భార్య తులసమ్మ. “ఆరు వారాలకి ఇవాళే కడుపునిండా తిన్నారు. ఆయనకి పాల వాసన పడదు. నేను కాపరానికొచ్చి నలభై నాలుగేళ్ళు, కాఫీలో కూడా చుక్క పోయనివ్వలేదు. మీ దగ్గర తాగొచ్చి రోజూ పెరట్లో కక్కేవారు. ఎందుకండీ ఈ అవస్థ అంటే, నేను తాగితేగాని ఈ రైతులు తమ పిల్లల్ని తాగనివ్వరే అనేవారు.”

లోపలి గదిలో దగ్గు వినిపించింది.

“టీచరమ్మగారూ, రేపు ఆటలకు వస్తానండీ. పాలవేళకు మాత్రం సెలవు ఇప్పించండి.”

“అర్జీ రాసి తెండి,” అన్నది కృష్ణవేణి.

రాసి తెచ్చారు.

1968లో బాలవాడికి సొంత పెంకుటిల్లు అమరింది. అప్పటికి పిల్లలు నలభై ఒక్కమంది. కృష్ణవేణి టీచరుగా, జోజమ్మ ఆయాగా అక్కడే కొనసాగారు. దశరథరామయ్యగారు డెబ్బయ్యో ఏట కూడా ఉత్త డికాషనే తాగుతున్నారు.