కేకు తెచ్చినాయన చేతికి పిల్లను ఇచ్చారు

పేరు కూడా అడగకుండా, ఈ రోజు ఒక కొత్త మనిషి బండి మీద మా హాస్టల్ పిల్లను పంపించేశారు.

ఎమ్మిగనూరులో, మిరపకోతకు గుంటూరు వైపు పోయిన కూలీల పిల్లల కోసం ఒక సంస్థ నడిపే హాస్టల్ ఇది. నేను ఇక్కడ వంట చేస్తాను. మధ్యాహ్నం ఒకాయన తన పుట్టినరోజని కేకు తెచ్చి పిల్లలతో ఫోటోలు దిగాడు. తర్వాత ఐస్‌క్రీం కొనిస్తానని ఏడేళ్ల పాపను ఒక్కదాన్నే తీసుకుపోయాడు. పాప పేరు రాయను. ఆయన మళ్లీ తెచ్చి దింపేదాకా నేను గేటు దగ్గరే నిలబడ్డాను.

ఇన్‌ఛార్జి సార్‌ను నిలదీశాను.

"పాప వచ్చింది కదప్పా, ఇంగేంటికి రచ్చ? ఆయన పెద్దమనిషి."

"ఆ పెద్దమనిషి పేరేంది సార్? యాడుంటాడు?"

సార్ ఫోన్ చూసుకుంటా లోపలికి పోయాడు.

ఖాళీ గ్యాస్ సిలిండర్ గేటు దాటాలంటే ఈ సార్ సంతకం కావాలి. పిల్ల దాటడానికి మాత్రం ఒక కేకు చాలింది.

"పాపను సూస్కో తమ్ముడా" అని వాళ్లమ్మ నాకే చెప్పి బస్సెక్కింది. జరిగింది ఆమెకు ఫోన్ చేసి చెప్పాను.

మీ పిల్లలుండే చోట ఎట్లుందో కింద రాయండి. సంస్థ పెద్దలూ, కన్నవాళ్లకు తప్ప ఎవరికీ పిల్లను అప్పగించబోమని సోమవారం సాయంత్రంలోగా రాసివ్వండి. ఇవ్వకపోతే మంగళవారం పొద్దున పిల్లల రక్షణ అధికారి ముందుంటాను.