అప్పన్న గారి మునిమనవరాలు

ఈ రోజు మా ఓడ కరీబియన్‌లో గ్వాడలూప్ దీవి దగ్గర ఆగింది. నేనందులో వంటవాణ్ణి. సెలవు దొరికింది కదాని బస్సెక్కి, మూల్ అనే పాత ఊరు చూడ్డానికి వెళ్ళేను.

చర్చి పక్కన కొబ్బరిబొండాలమ్మే పెద్దావిడ, నాది ఇండియా అనగానే ఇంట్లోకెళ్ళి ఓ కాగితం తెచ్చింది. యానాంలో ఓడెక్కి ఇక్కడి చెరుకుతోటల్లోకి కూలికొచ్చిన ముత్తాత అప్పన్నదట. అందులో ఆయన ఊరు కపిలేశ్వరపురం అని ఉంది. మా ఊరే! వెంటనే మా పెదనాన్నగారికి వీడియో కాల్ చేసి ఆవిణ్ణి చూపించేను. పాపం, రెండు చేతులూ జోడించింది.

"ఇంటిపేరేంట్రా?" అన్నారాయన.

"వీళ్ళకి అప్పన్నే ఇంటిపేరండి."

"అదేం ఇంటిపేరు? ఊళ్ళోవాళ్ళా, పేటవాళ్ళా? అది కనుక్కోకుండా ఫోన్ చేసేయడమేనా?"

అప్పన్న గారు పోయి ఎన్నేళ్ళయిందో. ఆయన్ని అరుగు మీద కూర్చోబెట్టాలో, కింద నిలబెట్టాలో మా పెదనాన్నకి ఇంకా తేలాలి.

ఏమంటున్నారని ఆవిడ వచ్చీరాని ఇంగ్లీషులో అడిగింది. ఇంటికి రమ్మంటున్నారని చెప్పేను.

కళ్ళు తుడుచుకుని, ఏ నెలలో రమ్మంటారో కనుక్కోమంది.

మీ ఊరైతే ఏ నెల చెప్తారండీ?