బండికి పెట్టిన బొట్టు

ఆ రోజుల్లో నాకు చేతకాని పని లేదని నా గట్టి నమ్మకం. డిగ్రీ అయిపోగానే పద్మారావు నగర్‌లో మా బాబాయి కొత్తగా పెట్టిన ట్రావెల్స్‌లో ఉద్యోగమూ, గుండ్రంగా తిరిగే కుర్చీ దొరికాయి. ఇరవై రెండేళ్ల పిల్లకి ఇంతకంటే ఏం కావాలి! ట్రావెల్స్ అంటే ఒకే ఒక్క బండి లెండి. ఎవరో కంపెనీ పెద్దమనిషి వాడి వదిలేసిన విదేశీ బండి, లోపల తోలు సీట్లు, ఎక్కాలంటే చిన్న గెంతు గెంతాలి. బాబాయి దానికి పసుపు నంబరు ప్లేటు వేయించి, రోజూ పొద్దున్నే (తన మొహం కడుక్కోకముందే) దాని మొహం తుడిచేవాడు.

పసుపు ప్లేటు బండికి ఏడాదికోసారి ఫిట్‌నెస్ పరీక్ష తప్పదు. ఆ కాగితం లేనిదే అద్దెకి తిప్పకూడదు. బాబాయేమో ఆదివారం చర్చిలో ఆరాధన అవగానే, సంఘమంతా వింటుండగా, "అయ్యగారూ, మీ అమ్మాయి పెళ్లికి మా బండిలోనే గుడికి రావాలండి, అంతే!" అని పాస్టరుగారికి మాటిచ్చేశాడు. పెళ్లి శనివారం. పరీక్ష శుక్రవారం. "పరీక్ష సంగతి నేను చూసుకుంటా బాబాయ్" అన్నాను, కుర్చీలో ఒక చుట్టు తిరిగి.

గురువారం డ్యాష్‌బోర్డు మీద నారింజరంగు దీపం ఒకటి వెలిగి, ఇక ఆరనని కూర్చుంది. మా మెకానిక్ (అందరికీ ఆయన ఉస్తాదే) బండి చుట్టూ తిరిగి తల గోక్కున్నాడు. "గిది మన పానాలు, స్క్రూడ్రైవర్లతోని అయ్యేది కాదు బేటా. కంప్యూటర్ పెట్టి చూడాలె. టైర్లు సుత లోపలి దిక్కు అరిగినయ్. వారం దినాలు పడ్తది."

వారమా! మాటిచ్చిన బాబాయి సంఘం ముందు ఏ మొహం పెట్టుకు నిలబడతాడు? నా బుర్రలో ఓ ఉపాయం మెరిసింది. మా ఇంట్లో ఎవరం బొట్టు పెట్టుకోం కాబట్టి, పక్కింటి ఆంటీ దగ్గరికి పరుగెత్తి ఒక నల్ల స్టిక్కరు బొట్టు అడిగాను. ఆవిడ నా నుదుటివైపు అనుమానంగా చూసి, "మీ పిన్నికి తెలుసా?" అంది. నాక్కాదు, బండికన్నాను. దీపం మీద అది కొలిచి చేయించినట్టు సరిపోయింది. బాబాయికి మాత్రం చెప్పలేదు, ఆయనకి అబద్ధం ఆడటం రాదు (నాకొచ్చని గర్వం).

మర్నాడు నేనూ బాబాయీ బండి తీసుకుని తిరుమలగిరి ఆర్టీఏ ఆఫీసుకి వెళ్లాం. ఇన్‌స్పెక్టరుగారు హెడ్‌లైట్లు, వైపర్లు, హారన్ అన్నీ చూసి తలూపుతుంటే నేను మనసులో కేకు కోసేసుకున్నాను. చివరికి ఆయన తాళం సగం తిప్పి ఆగాడు. "ఇంజన్ షురూ కాకముందు అన్ని దీపాలు ఒక్కసారి వెలగాలె. గిదొక్కటి ఏందమ్మా, అలిగిందా?" అని గోటితో గీకాడు. బొట్టు ఊడి ఆయన వేలికి అంటుకుంది. దాని కింద దాచిన దీపం ధగధగా వెలుగుతోంది.

సరిగ్గా అప్పుడే బండి కింద నుంచి ఉస్సుమని పెద్ద నిట్టూర్పు వినిపించింది. ఆ బండికి ముందువైపు స్ప్రింగుల బదులు గాలితిత్తులుంటాయి, పాపం ఆ దీపం రెండు రోజులుగా చెబుతున్నది వాటి సంగతేనట. ముందుభాగం మెల్లగా కిందికి వంగి, మా అందరి ముందూ మోకరించింది.

"ప్రార్థన చేసుకుంటోందండీ" అన్నాడు బాబాయి నీరసంగా.

ఇంక నా వల్ల కాలేదు. పొట్ట పట్టుకుని నవ్వాను. ఇన్‌స్పెక్టరుగారు కూడా బొట్టున్న వేలు పైకెత్తి పట్టుకుని కళ్లనీళ్లొచ్చేలా నవ్వాడు. తర్వాత కళ్లు తుడుచుకుని, దీపం, గాలితిత్తులు, టైర్లు అని రాసి ఫెయిల్ చేశాడు. "రేపు పెళ్లిపిల్లని ఎక్కించుకుని పోతుంటే, నడి రోడ్డుమీద గిట్ల కూసుంటే ఏం జేస్తుంటివమ్మా?" అన్నాడు. నా నవ్వు ఆగిపోయింది. నిజంగా భయమేసింది, సిగ్గేసింది కూడా.

పెళ్లికూతురు ఉస్తాద్ తమ్ముడి ఆటోలో వచ్చింది, మేలిముసుగు జెండాలా బయటికి ఎగురుతూ. తలవంచుకుని నిలబడ్డ బాబాయి దగ్గరికి తనే వచ్చి, "ఎంత గాలొచ్చిందో అంకుల్!" అంది. ఆయన మొహం అప్పుడు చూడాలి మీరు.

ఇప్పుడు నాకు యాభై దాటాయి. ఏడాదికోసారి పరీక్ష నాకే. మొన్న రక్తపరీక్ష కాగితంలో ఒక అంకె ఎర్రగా కనిపిస్తే, దాన్ని మడిచి చీరల కింద దాచి, పైన ఇంకో చీర కూడా పెట్టాను. బీరువా తలుపు వేస్తుంటే ఆ ఇన్‌స్పెక్టరుగారి గోరు గుర్తొచ్చింది. ఒక్కదాన్నే చాలాసేపు నవ్వుకుని, కాగితం తీసి డాక్టరుగారికి ఫోన్ చేశాను.