ఓడ గదిలో ఆరు సీసాల బిల్లు

షిప్పు ట్రిప్పు ఎలా జరిగిందని ఎవరైనా అడిగితే "బాగానే జరిగిందండీ" అని ఊరుకుంటాను. అంతకు మించి చెప్పాలంటే గదిలో ఉన్న ఫ్రిజ్ గురించి చెప్పాలి. ఫ్రిజ్ గురించి చెప్పాలంటే మా ఆయన గురించి చెప్పాలి. చెప్పే ఓపిక ఇన్నాళ్లూ లేకపోయింది.

ప్రత్తిపాడులో మాకు పురుగుమందుల కొట్టు ఉంది. చుట్టుపక్కల మిరప, పత్తి వేసే రైతులందరూ మా కొట్టుకే వస్తారు. ఏడాదికి ఇంత సరుకు అమ్మితే కంపెనీ వాళ్లు డీలర్లని టూరుకి తీసుకెళతారు. ఇదివరకు మగవాళ్లనే తీసుకెళ్లేవాళ్లు, గోవా అనీ బ్యాంకాక్ అనీ. ఆ టూర్ల నుంచి మా ఆయన ఎలా తిరిగొచ్చేవారో మా వీధికంతా తెలుసు. ఒకసారి ఇద్దరు చెరో రెక్కా పట్టుకుని కారులోంచి దింపారు. నేను గుమ్మంలో నిలబడి, వాళ్లకి కాఫీ ఇవ్వాలా వద్దా అని ఆలోచిస్తున్నాను. సిగ్గుతో చచ్చిపోవాల్సిన సమయంలో కూడా ఆడదానికి కాఫీ సంగతే గుర్తొస్తుంది, ఏం చేస్తాం.

ఈసారి మాత్రం భార్యాభర్తలు కలిసి రావాలన్నారు. చెన్నైలో షిప్పు ఎక్కించి సముద్రంలో రెండు రాత్రులు తిప్పి తీసుకొస్తారట. ఆయన తాగుడు మానేసి అప్పటికి పద్నాలుగు నెలలు. గుంటూరులో డాక్టరు స్కానింగు కాగితం చూపించి, ఇంకొక్క ఏడాది ఇలాగే తాగితే నా దగ్గరికి తీసుకురానక్కర్లేదమ్మా అన్నాడు. ఆ రోజు నుంచి ఆయన ముట్టలేదు. ముట్టలేదనే నా నమ్మకం. నమ్మకం అంటున్నాను గానీ, రోజూ సాయంత్రం కొట్టు కట్టేసి రాగానే మంచినీళ్ల గ్లాసు పట్టుకుని ఎదురెళ్లి, ఆయన మొహానికి దగ్గరగా నిలబడేదాన్ని. వాసన చూడటానికి. పద్నాలుగు నెలల్లో ఒక్కరోజు కూడా మానలేదు. జ్వరం వచ్చినా లేచి వెళ్లేదాన్ని.

కాబట్టి నేను షిప్పు ఎక్కింది సముద్రం చూడటానికి కాదు, కాపలా కాయడానికి.

మా బృందంలో ముప్పై జంటల దాకా ఉన్నాం. చిలకలూరిపేట, ఒంగోలు, మార్టూరు, అన్ని వైపుల నుంచీ డీలర్లే. అన్నీ కంపెనీ ఖర్చే, కాకపోతే గదిలో విడిగా ఏమైనా వాడుకుంటే అది మన ఖర్చు అని వెంట వచ్చిన కంపెనీ ఆయన బస్సులోనే చెప్పాడు. ఎవరూ వినలేదు. ఆడవాళ్లందరి బుర్రలూ పచ్చళ్ల మీద ఉన్నాయి. సామాను తనిఖీలో పచ్చడి డబ్బా బయటపడితే ఏం చెప్పాలన్నది చర్చ. ఒకావిడ ఆయుర్వేదం అని చెప్తానంది. నిజంగానే చెప్పింది, వాళ్లు వదిలేశారు కూడా.

గది చిన్నదే గానీ శుభ్రంగా ఉంది. గోడకి బల్ల, బల్ల కింద చిన్న ఫ్రిజ్. మా ఆయన లైఫ్ జాకెట్లు ఎక్కడున్నాయో చూసొస్తానని వరండాలోకి వెళ్లారు. నేను ఫ్రిజ్ తలుపు తీశాను. లోపల కూల్‌డ్రింకులు, చాక్లెట్లు, వాటి పక్కన గుంటల్లో వరసగా నిలబెట్టిన ఆరు చిన్న సీసాలు. విస్కీ నాలుగు, ఇంకేదో తెల్లది రెండు. అరచేతిలో ఇమిడిపోయేంత ఉన్నాయి, పిల్లలు ఆడుకునే వస్తువుల్లాగా.

బయట బారులుంటాయని తెలుసు. అక్కడికి వెళ్లకుండా ఎలా చూసుకోవాలో ఇంటి దగ్గరే ఆలోచించుకుని వచ్చాను. పక్కమీంచి చెయ్యి చాపితే అందేంత దూరంలో ఉంటాయని మాత్రం అనుకోలేదు.

సీసాలు దాచడం నాకు పుట్టింట్లోనే అలవాటు. పత్తి చేతికి రాని ఏడాది, చేలో కొట్టే పురుగుమందు డబ్బాలన్నీ మా అమ్మ ఎక్కడ పెట్టేదో మా నాన్నకి కూడా తెలిసేది కాదు. ఎందుకు దాచేదో మేం అడిగేవాళ్లం కాదు, ఆవిడ చెప్పేదీ కాదు. మా వైపు చాలా ఇళ్లల్లో ఆడవాళ్లకి ఆ అవసరం పడింది. నేనూ అదే చేశాను. ఆరు సీసాలూ తీసి, లంగాలో చుట్టి, పెట్టె అడుగున పట్టుచీర కింద పెట్టి మూత వేశాను. ఆయన వచ్చేసరికి మంచం మీద కూర్చుని, ఫ్రిజ్‌లో ఏమీ లేవండీ, చాక్లెట్లే ఉన్నాయి అన్నాను. ఆయన సరే అన్నారు.

సాయంత్రం అందరి ఫోన్లకీ మెసేజ్ వచ్చింది. ఫ్రిజ్‌లో వస్తువు ముట్టుకోవద్దనీ, తీసి కాసేపు బయట పెడితే దానంతటదే లెక్కలో పడిపోతుందనీ. అప్పటికే ముప్పై గదుల్లోనూ సీసాలు తీసేసి గోంగూర, పండుమిరపకాయ పచ్చడి, పెరుగు కప్పులు పెట్టేశారు. భోజనాల హాల్లో ఏమీ దొరకదేమోనని పెరుగు కప్పులు ముందుగానే తెచ్చి దాచుకున్నారు మరి. మెసేజ్ చదివి కొందరు గబగబా మళ్లీ సర్దారు, కొందరు చూద్దాంలే అన్నారు. నేను చదివి ఫోను పక్కన పెట్టేశాను. బిల్లు పడితే పడనీ, సీసాలు మాత్రం బయటికి తీయను అనుకున్నాను.

ఆ రెండు రోజులు ఏం చూశానో నాకు సరిగ్గా గుర్తులేదు. అందరూ నీళ్ల వైపు చూస్తుంటే నేను ఆయన వైపు చూశాను. మిగతా మగవాళ్లు చీకటి పడగానే బారు వైపు నడిచేవాళ్లు. "ఏంరా, గుడికెళ్లే మొహం పెట్టావు, రా" అని చిలకలూరిపేట డీలరు పిలిస్తే, మా ఆయన "గ్యాస్ పట్టేసిందిరా" అని నవ్వి పేకాట బల్ల దగ్గర కూర్చునేవారు. మానేశానని ఎవరికీ చెప్పుకోలేదు. మానేశానంటే ఒకప్పుడు ఎంత తాగేవాడో చెప్పాల్సి వస్తుంది కదా. రెండో రోజు ఓ గంటసేపు కనపడలేదు. వచ్చాక నోట్లో సోంపు వాసన. భోజనాల హాలు గుమ్మం దగ్గర సోంపు గిన్నె ఉంది, నేనూ తిన్నాను. అయినా నాకు నిద్ర పట్టలేదు.

మూడో రోజు పొద్దున దిగాలి. గదిలో టీవీ మీద బిల్లు చూసుకోవచ్చన్నారు. మా గది పేరున ఆరు సీసాలు, ఒక్కొక్కటీ మా ఊళ్లో ఫుల్ బాటిల్ ధర. అందరిదీ అదే గోల. కంపెనీ ఆయన గది గదికీ తిరిగి చెప్పాడు, కంగారు పడొద్దండీ, సీలు ఊడని సీసాలు చూపిస్తే కౌంటర్లో బిల్లు రద్దు చేస్తారు, పట్టుకుని లైన్లో నిలబడండి అని.

ఆయన టిఫిను చూసొస్తానని వెళ్లారు. ఆయన రాకముందే కౌంటర్లో చూపించి వచ్చేద్దామని పెట్టె తీశాను. పట్టుచీర ఎత్తాను. లంగా నీటుగా మడత పెట్టి ఉంది. సీసాలు లేవు.

పెట్టెలో ఉన్న బట్టలన్నీ మంచం మీద పోశాను. అడుగున ఆయన లుంగీలు కనిపించాయి. అవి ఆ పెట్టెలోనే సర్దానన్న సంగతే నాకు గుర్తులేదు. మొదటి రోజే లుంగీ కోసం పెట్టె తీసి ఉంటారు.

కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. ఇల్లు చేరాక మళ్లీ డాక్టరు, మళ్లీ ఆ కాగితాలు, మళ్లీ గుమ్మంలో నిలబడటం. ఇంకోసారి అదంతా చెయ్యలేను అనిపించింది. నిజం చెప్పాలంటే ఆయన ఏమైపోతారో అన్న బెంగ కంటే, నేను అలిసిపోయాను అన్నదే ఎక్కువగా ఉంది. అలా అనిపించినందుకు నా మీద నాకే అసహ్యం వేసింది.

ఆయన రెండు కప్పుల టీ పట్టుకుని వచ్చారు. చెల్లాచెదురైన బట్టలు చూసి ఆగిపోయారు.

"ఎన్ని తాగారు?" అన్నాను.

టీ బల్ల మీద పెట్టారు. "చెబితే నమ్ముతావా?"

నేను బట్టలు మళ్లీ పెట్టెలోకి తోయడం మొదలుపెట్టాను. ఆయన తలుపు తీసి పట్టుకున్నారు. "అయితే పద. లైన్లో నిలబడదాం" అన్నారు.

కౌంటరు దగ్గర మా వాళ్లందరూ ఉన్నారు. ఒకరి చేతిలో సీసాలు, ఒకరి చేతిలో చాక్లెట్లు. "మా ఆవిడ గోంగూరకి గది అద్దె కంటే ఎక్కువ పడిందండీ" అని ఒకాయన అంటే అందరూ నవ్వుతున్నారు. కౌంటర్లో అమ్మాయి నవ్వుతూనే ఒక్కొక్కరి సీసాలూ తిప్పి చూసి బిల్లులోంచి తీసేస్తోంది. మా వంతు వచ్చింది. మా చేతుల్లో ఏమీ లేదు. ఆ అమ్మాయి ఏదో అడిగింది.

"మీ సీసాలు ఏవని అడుగుతోందమ్మా. పచ్చడి పెట్టుకోవడానికి తీశారా మీరు కూడా?" అన్నాడు కంపెనీ ఆయన.

అవును అంటే సరిపోయేది. తర్వాత ఏదో ఒకటి చెప్పుకునేవాళ్లం. నా నోటికి అది రాలేదు.

"పచ్చడికి కాదండీ. ఆయన తాగారు. ఎంతైతే అంత రాయమనండి, కట్టేస్తాం" అన్నాను. గట్టిగానే అన్నాను. వెనక నవ్వులు ఆగిపోయాయి. గ్యాస్ అని చెప్పిన మనిషి గదిలో దాక్కుని ఆరు సీసాలు తాగాడన్నమాట అని అందరికీ ఒక్కసారే అర్థమైంది. చిలకలూరిపేట ఆయన తల దించుకుని ఫోను చూసుకోవడం మొదలుపెట్టాడు.

మా ఆయన కంపెనీ ఆయనతో నెమ్మదిగా, "మా వరస గదులు శుభ్రం చేసే పెద్దాయన ఉన్నాడు, ఒకసారి పిలిపించండి" అన్నారు.

పది నిమిషాలకి ఆ పెద్దాయన వచ్చాడు. నెరిసిన మీసాలు, చేతిలో పాలిథిన్ కవరు. కవరు మీద తెల్ల ప్లాస్టరు అంటించి మా గది నంబరు రాసి ఉంది. దాన్ని కౌంటరు మీద బోర్లించాడు. ఆరు సీసాలు. నాలుగు విస్కీ, రెండు తెల్లవి. ఆ అమ్మాయి ఒక్కొక్కటే ఎత్తి మూతలు చూసింది. ఒక్కటీ ఊడలేదు.

అతను హిందీలో చెప్తుంటే కంపెనీ ఆయన తెలుగులో చెప్పాడు. మొదటి రోజు సాయంత్రమే సారు వీటిని తెచ్చి ఇచ్చారట. మేం దిగేదాకా గదిలోకి తేవద్దన్నారట. రెండో రోజు మళ్లీ వెతుక్కుంటూ వచ్చి, తనే వచ్చి అడిగినా ఇవ్వొద్దని చెప్పి వెళ్లారట. సీసాలు గదిలో వద్దనుకుంటే మొదటి రోజే కౌంటర్లో చెప్పి ఫ్రిజ్ ఖాళీ చేయించుకుని కాగితం రాయించుకోవాలండీ, అప్పుడసలు బిల్లే పడదు అని ఆ అమ్మాయి వివరంగా చెప్పింది. బిల్లు రద్దు చేసింది. వెనక ఎవరో "అయిపోయిందా, జరగండి" అన్నారు. మేం జరిగాం.

సామాను పట్టుకుని దిగే వరసలో నిలబడ్డాం. చెన్నై కనిపిస్తోంది.

"గదిలోనే చెప్పొచ్చు కదా. నలుగురిలో అంత మాట అనకపోదును" అన్నాను చివరికి.

"చెబితే నమ్మేదానివి కాదులే."

"నమ్మేదాన్ని" అన్నాను. అబద్ధమని ఇద్దరికీ తెలుసు. తప్పయిపోయిందండీ అని కూడా అన్నాను, అది మాత్రం నిజం. ఏడుపొచ్చింది. ముందు నిలబడ్డావిడ వెనక్కి తిరిగి చూసి, మళ్లీ మర్యాదగా అటు తిరిగింది.

ఆయన పెట్టెని ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకున్నారు. "నువ్వు నమ్మలేదని నాకేం బాధ లేదే. నన్ను నేనే నమ్మలేదు. చీర కింద ఉన్నాయని తెలిశాక ఆ గదిలో పడుకోవడం నా వల్ల కాలేదు, అందుకే ఇచ్చొచ్చా. మర్నాడు అడుక్కోవడానికే వెళ్లాను. అక్కడికెళ్లాక ఎలాగో మాట మార్చేశాను."

వరస కదిలింది. ఆయన ముందుకు నడిచారు. వెనక నుంచి చూస్తే భుజాలు వంగిపోయి, మనిషి చాలా పెద్దవాడిలా కనిపించారు. పద్నాలుగు నెలలుగా నేనొక్కదాన్నే కాపలా కాస్తున్నానని అలిసిపోయాను. నేను రోజుకొకసారి గ్లాసు పట్టుకుని ఎదురెళ్లి వాసన చూసి, హమ్మయ్య అనుకుని పనిలో పడేదాన్ని. ఆయనకి ఆ హమ్మయ్య కూడా లేదని నాకు ఒక్కరోజూ తట్టలేదు.