తిరుపతి నుంచి కార్వేటినగరం: నా గుండు చెప్పిన అబద్ధం

ఇది ఊరు చూడ్డానికి చేసిన ప్రయాణం కాదు, తప్పు ఒప్పుకోవడానికి చేసింది. నా భార్య వసంతకు మల్టిపుల్ స్క్లెరోసిస్. నరాల మీది పొరను ఒంట్లోని రక్షణశక్తే తినేసే జబ్బు. రెండువేల ఏడులోనో ఎనిమిదిలోనో, బెంగళూరులో ఒక ప్రైవేటు క్లినిక్‌లో ఆమెకు స్టెమ్ సెల్ వైద్యం చేయించాను. తిరుపతిలో మా డాక్టరు అది ఇంకా పరిశోధనలోనే ఉందని, తొందరపడొద్దని చెప్పినా వినలేదు. వెన్నులో సూది వేయించుకొచ్చిన వారానికే, నయమైతే ఇస్తానని మొక్కుకున్న తలనీలాలు ముందుగానే ఇచ్చేశాను. ఇచ్చేశాక స్వామి కాదనలేడని నా అతితెలివి! వసంత కాళ్లు మాత్రం ఎప్పటిలాగే ఉన్నాయి.

నా గుండు చూసినవాళ్లంతా ఆమెకు నయమైందనుకున్నారు. ఆస్పత్రి వరసలో పరిచయమైన కార్వేటినగరం రైతు మునిరత్నం కూడా అంతే. ఆయన కూతురు సుజాతదీ ఇదే జబ్బు. "బెంగళూరు వైద్యానికి అమ్మకు బాగయిందా సార్?" అని ఆయన అడిగితే, గుండు తడుముకుని "అంతా స్వామి దయ, ఇంక లేచి నడవడమే తరువాయి" అన్నాను. మోసపోయానని చెప్పుకోవడానికి సిగ్గేసింది. నెల తర్వాత ఆయన ఫోన్ చేసి, తామూ బెంగళూరు బయల్దేరుతున్నామన్నాడు. విషయం విని వసంత, "మీరే పోయి సెప్పాల. ఫోన్లో కాదు, మొగం సూసి సెప్పండి" అంది.

మర్నాడు పొద్దున ఏడింటికి తిరుపతిలో పుత్తూరు బస్సెక్కాను. గంటకు పైనే పట్టింది. పుత్తూరులో ఇడ్లీ తిని షేర్ ఆటో ఎక్కాను, మనిషికి పది రూపాయలు.

"పాత ప్యాలెస్ సూసేదానికా సార్?" అన్నాడు డ్రైవరు.

"లేదప్పా, మనిషిని సూసేదానికి."

దారి పొడుగునా మామిడి తోటలు. చూడదగ్గ దారే. నేను మాత్రం చెప్పాల్సిన మాటలు కూర్చుకుంటూ తల దించుకునే ఉన్నాను.

మునిరత్నం ఇంట్లో పెట్టెలు సర్ది ఉన్నాయి. "రాండి సార్! మీ గుండు సూసినాకే మాకు ధైర్యమొచ్చినాది" అంటూ మజ్జిగ ఇచ్చాడు. సుజాత తల పక్కకు తిప్పి, కుడికంటితో నన్ను చూసింది.

"పాత సూదిమందు ఆపేసి నెలయింది సార్. ఎడమకన్ను మసగ్గా ఉండాది. బెంగళూరుకు పోతే సరిపోతాదిలే అనుకున్నాం. అక్క ఇప్పుడు నడస్తా ఉండాదా?"

"లేదమ్మా. ఒక్క అడుగు కూడా మారలేదు. అబద్ధం చెప్పినాను."

మునిరత్నం నా చేతిలోని మజ్జిగ గ్లాసు తీసుకుని పక్కన పెట్టాడు. తర్వాత, "ఆ పొద్దు వరసలో అడిగినాను గదప్పా" అన్నాడు. అంతవరకూ నన్ను సార్ అన్న మనిషి. తిట్టి ఉంటే బాగుండేది.

పదకొండు గంటల బస్సుకు ముగ్గురం తిరుపతి వచ్చి నేరుగా మా డాక్టరు దగ్గరికే వెళ్లాం. మందు మళ్లీ మొదలైంది. చూపు కొంత వచ్చింది, పూర్తిగా రాలేదు. ఆ రానిది నా వల్లే. ఇన్నేళ్లయినా ఆ సిగ్గు తగ్గలేదు.

వైద్యం కోసం దూరం వెళ్లేవాళ్లకు ఒక్క మాట. మీ డాక్టర్ని అడక్కుండా వాడుతున్న మందు ఆపకండి. ఆ వైద్యం పనిచేసిందా అని రోగి ఇంటివాళ్లను కాదు, రోగినే అడగండి. ఆ రోజు వరసలో వసంత నా పక్కనే, చక్రాల కుర్చీలో కూర్చుని ఉంది. ఆమె నోరు తెరవబోతుంటే, భుజం నొక్కి ఆపింది నేనే.